స్వస్థత రాని ఇంట కూడా విశ్వాసం ఉంటుంది

సంపాదకులకు నమస్కారములు.

అయ్యా,

ప్రార్థనతో జబ్బు నయమవుతుందని చెప్పే స్వస్థత కూటాలకు వెళ్ళివచ్చి, మందులు మానేసి, ప్రాణం మీదికి తెచ్చుకున్నవారి గురించి పత్రికలలో అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. అటువంటి వార్త వచ్చిన వారం రోజులూ అది మూఢనమ్మకమని కొందరు, అలా అనడం మతం మీద దాడి అని మరికొందరు ఉత్తరాలు రాస్తారు. ఆ తరువాత అందరూ మరిచిపోతారు. నమ్మకాన్నీ వదలక, మందునూ వదలక, ఏళ్ళ తరబడి ఒకే జబ్బుతో కాపురం చేస్తున్న నాబోటి వారి మాట మాత్రం ఆ వాదాలలో ఎక్కడా వినబడదు. ఆ మాట చెప్పుకోవాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి కొంచెం పెరిగినా దయతో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

నేను గుంటూరు వాసిని. లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు పండితురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. షుగరు వ్యాధి నా రెండు మూత్రపిండాలనూ పాడుచేసింది. ఏడు సంవత్సరాలుగా సోమ, బుధ, శుక్రవారాలలో, పూటకు నాలుగు గంటల చొప్పున, డయాలసిస్ చేయించుకుంటున్నాను. నా గుండె పరిస్థితి చూసిన డాక్టర్లు కిడ్నీ మార్పిడి నాకు పనికిరాదన్నారు. కాబట్టి ఇది తగ్గిపోయే జబ్బు కాదు, ఉన్నన్నాళ్ళూ మోయవలసిన జబ్బు. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకే రెండేళ్ళు పట్టింది. నన్ను ప్రేమించేవారిలో కొందరు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

డయాలసిస్ అంటే ఏమిటో ఎరగనివారి కోసం రెండు మాటలు చెబుతాను. పాడైన మూత్రపిండాలు చేయలేని పనిని మిషన్ చేస్తుంది, ఒంట్లోని రక్తాన్ని గొట్టాల గుండా తీసుకొని శుభ్రం చేసి తిరిగి పంపుతుంది. అందుకోసం ముందు చిన్న ఆపరేషను చేసి చేతిలోని, నాకైతే ఎడమ చేతిలోని, ధమనిని, సిరను కలుపుతారు. దాన్ని ఫిస్టులా అంటారు. అక్కడ రక్తం ఎంత వడిగా ప్రవహిస్తుందంటే, పైన అరచెయ్యి పెడితే లోపల తుమ్మెద ఝంకారం చేస్తున్నట్లు తెలుస్తుంది. ఆ అదురు ఆగిపోతే ఫిస్టులా మూసుకుపోయినట్లే. అందుకని పొద్దున లేవగానే ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చెయ్యి వేసి చూసుకోమని మొదటి రోజే నర్సమ్మ నేర్పింది. ఆ చేతికి బరువు మోపకూడదు, బీపీ పట్టీ కట్టకూడదు, బిగుతైన గాజులు వేసుకోకూడదు. నా ఎడమ చేతి గాజులు తీసేసిన నాడు మా అత్తగారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం నాకు ఇంకా గుర్తుంది.

నా ప్రార్థన మారింది కూడా ఆ చేతి దగ్గరే. అంతకు ముందు నేను కంఠస్థం చేసిన ప్రార్థనలు చెప్పుకొనేదాన్ని, లేదా పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, ఇంటి అప్పు అంటూ ఒక జాబితా దేవుని ముందు పెట్టేదాన్ని. జబ్బు తెలిసిన తరువాత ఎనిమిది నెలల పాటు ఏ ప్రార్థనా నోట రాలేదు. ఒక రాత్రి నర్సమ్మ చెప్పినట్లు ఫిస్టులా మీద అరచెయ్యి వేసి, అదురు ఉందో లేదో చూసుకుంటూ అలాగే ఉండిపోయాను. రక్తం కదులుతోంది. నేను ఉన్నాను. ఈ రోజుకు ఉన్నాను. "ప్రభువా, ఇది ఇంకా కొట్టుకుంటోంది" అన్నాను, అంతే. అడగడానికి వేరే ఏమీ లేదు. అప్పటినుంచి రాత్రి ప్రార్థన నాకు అదే. చెయ్యి చూసుకోవడమూ ప్రార్థించడమూ నాకిప్పుడు రెండు పనులు కావు. ఇందులో వైద్యం ఎక్కడ ముగిసి విశ్వాసం ఎక్కడ మొదలయిందో విడదీసి చెప్పమంటే నా చేత కాదు.

జబ్బు కొత్తలో మా ఇంటికి చాలామంది వచ్చారు. పండ్లు తెచ్చారు, నేను తినకూడని అరటిపండ్లే ఎక్కువ. వచ్చినవారిలో కొందరు నూనె రాసి ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలను నేను కాదనలేదు, ఈ రోజుకూ కాదనను. సంఘపెద్దలు రోగికి నూనె రాచి ప్రార్థించాలని యాకోబు పత్రికలో రాసి ఉన్నదే. అయితే మూడు నెలలు గడిచి, మూత్రపిండాల పనితీరును తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ తగ్గలేదని తెలిశాక మాటలు మారాయి. ఏదో ఒప్పుకోని పాపం ఉండి ఉంటుందని ఒకరు, సందేహించకుండా అడగాలని ఒకరు, ఇంట్లో ఎవరిదో శాపం ఉందని ఇంకొకరు అన్నారు. డాక్టరు చీటీ చేతిలో పెట్టుకొని స్వస్థత అడిగితే దేవుడు ఎలా ఇస్తాడని ఒక పెద్దావిడ నన్ను మందలించారు. వారంతా నా మేలు కోరినవారే. కాని ఆ రోజులలో నేను మూత్రపిండాల కోసం ఏడ్చినదానికన్నా, నా పాపం ఏమై ఉంటుందా అని వెతుక్కుంటూ ఏడ్చినదే ఎక్కువ. చిన్ననాడు తమ్ముడిని కొట్టినది మొదలు అన్నీ ఏరుకున్నాను. రోగికి ఉన్న జబ్బు చాలదన్నట్లు పైన నేరం కూడా మోపడం ఎంత బరువో ఆరోగ్యంగా ఉన్నవారికి తెలియదు.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ప్రభువును ఇదే ప్రశ్న అడిగారు: ఎవరు చేసిన పాపం ఇది, వీడిదా, వీని తల్లిదండ్రులదా? "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని ఆయన చెప్పారు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో అంత తేటగా ఉన్న జవాబును మనం ఆదివారం నాడు గుడిలో చదువుతాం. సోమవారం నాడు రోగి మంచం పక్కన కూర్చుని శిష్యుల ప్రశ్నే మళ్ళీ వేస్తాం.

ఆ కాలంలో నన్ను నిలబెట్టినది అప్పటి మా సంఘ కాపరి. ఒక మధ్యాహ్నం అయ్యగారు డయాలసిస్ వార్డుకు వచ్చి, నా మంచం దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. మిషన్ మీద తిరుగుతున్న రక్తపు గొట్టాన్ని చూశారు. తరువాత బైబిలు తీసి 88వ కీర్తన చదివారు. కీర్తనలలో చాలా వాటికి చివర ఒక నిరీక్షణ మాట ఉంటుంది. దీనికి అది కూడా లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అంటూ అక్కడే ఆగిపోతుంది. చదివి, బైబిలు మూసి, "అమ్మా, ఇది కూడా ప్రార్థనే. దీన్ని కూడా దేవుని వాక్యంలోనే ఉంచారు" అని చెప్పి లేచారు. అంత ఏడుపు బైబిలులో ఉండగా నా ఏడుపు అవిశ్వాసం ఎలా అవుతుందనే ధైర్యం నాకు ఆ రోజు వచ్చింది. తరువాత మెల్లగా, మూడో ఏటికి, కృతజ్ఞత కూడా వచ్చింది. కాని మొదట వచ్చినది ఏడ్చే స్వేచ్ఛ.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయించిన సంగతికి వస్తాను. నా పక్క మంచం మీద మూడేళ్ళు ఒక యువకుడు డయాలసిస్ చేయించుకున్నాడు. ఆటో నడిపేవాడు, జబ్బు వచ్చాక బండి అద్దెకిచ్చాడు. ఇద్దరు చిన్న పిల్లలు. నన్ను "అమ్మగారూ" అని పిలిచేవాడు, సూదులు గుచ్చే వేళ నాకు ధైర్యం చెప్పేవాడు. ఒక వారం ఎక్కడో మూడు రాత్రుల సభలకు వెళ్ళాడు. వేదిక మీదికి పిలిచి, నీవు స్వస్థపడ్డావు అని ప్రకటించి, వేలమంది ముందు సాక్ష్యం చెప్పించారట. మళ్ళీ ఆ మిషన్ దగ్గరికి వెళ్తే దేవుణ్ణి అవమానించినట్లే అని కూడా ఎవరో చెప్పారట. మూడు డయాలసిస్‌లు వరుసగా మానేశాడు. మూత్రం రానివారికి తాగిన నీరంతా ఒంట్లోనే ఉండిపోయి చివరకు ఊపిరితిత్తులలోకి చేరుతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. ఈ విషయం అతనికి నాకన్నా బాగా తెలుసు. ఒక తెల్లవారుజామున ఊపిరాడక ఆసుపత్రికి తెచ్చారు. మధ్యాహ్నం దాటలేదు.

ఆ సాయంత్రం వరండాలో అతని భార్య నా కుడిచెయ్యి పట్టుకొని, "అమ్మగారూ, మా విశ్వాసం చాలలేదంటారా?" అని అడిగింది. నేను బదులు చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్ళు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పినదాన్ని, ఆమెను దగ్గరికి తీసుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. అప్పటినుంచి ఆ ప్రశ్న నా వెంట తిరుగుతూనే ఉంది.

అద్భుతాలు జరగవని నేను అనడం లేదు. పన్నెండేళ్ళ రక్తస్రావం గల స్త్రీ ప్రభువు వస్త్రపు చెంగు ముట్టి బాగుపడిందని నేను నమ్ముతున్నాను, ఆ కథ చదివిన ప్రతిసారీ నా మనసు ఆమె చేతి వెంట పోతుంది. కాని అదే గ్రంథంలో బాగుపడనివారు కూడా ఉన్నారు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడు మారులు వేడుకొన్నాడు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అనే జవాబు మాత్రం వచ్చింది. ఆ ముల్లు ఏ జబ్బో పండితులు ఎవరికి తోచినట్లు వారు ఊహించారు గాని, పౌలు విశ్వాసం చాలకనే అది మిగిలిపోయిందని ఎవరైనా అనగలరా? అదే పౌలు తన సహచరుడు త్రోఫిమును జబ్బుతో ఉన్నందువల్ల మిలేతులో విడిచి వెళ్ళాడు. తిమోతికి తరచుగా వచ్చే బలహీనతలకు, కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని ఇంటి పెద్ద ఎవరో వైద్యం చెప్పినట్లు చెప్పాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. హిజ్కియా రాజుకు దేవుడు పదిహేనేళ్ళ ఆయుష్షు పొడిగించినప్పుడు సైతం, యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టమన్నాడు. వాగ్దానం వచ్చింది కదా, ఇక ఆ కట్టు ఎందుకని ప్రవక్త అనలేదు. అన్నిటికీ మించి, "రోగులకే గాని ఆరోగ్యముగలవారికి వైద్యుడక్కరలేదు" అని ప్రభువే పలికారు.

మన సొంత చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1883లో అన్నా సారా కూగ్లర్ అనే అమెరికన్ వైద్యురాలు మా గుంటూరుకు వచ్చారు. పురుషుడైన వైద్యుని ముందుకు రాలేక ఇళ్ళలోనే కన్నుమూస్తున్న స్త్రీల కోసం పనిచేశారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో చనిపోయేవరకు ఈ ఊరినే నమ్ముకున్నారు. మా అమ్మమ్మ పురుడు పోసుకున్నది ఆ ఆసుపత్రిలోనే. మందు వాడడం అవిశ్వాసమని ఆమె తలిస్తే సముద్రాలు దాటి ఎందుకు వచ్చినట్లు? 1900లో అయిడా స్కడర్ అనే వైద్యురాలు మొదలుపెట్టిన రాయవేలూరు (వెల్లూరు) ఆసుపత్రికి మన ఊళ్ళ నుంచి రైలెక్కనివారు ఎవరు? మన దేశంలో మొట్టమొదట విజయవంతమైన మూత్రపిండ మార్పిడి 1971లో జరిగినది ఆ క్రైస్తవ వైద్య కళాశాలలోనే. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసాని కుష్ఠు రోగుల మధ్య జీవితం గడిపారు. కుష్ఠుకు అప్పటికి పూర్తిగా నయం చేసే మందు లేదు. నయం కాదని తెలిసినా పుండ్లు కడిగారు, కట్లు కట్టారు, వారితో కలిసి ఆరాధించారు. సువార్త మన వాకిటికి వచ్చినది ఇటువంటి చేతులతో. ఆ చేతుల నుంచి అందుకొన్న మనం ఈ రోజు రోగి చేతిలోని మందు బిళ్ళను అనుమానంగా చూడడం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

సంఘాలను, కాపరులను నేను వేడుకొనేది ఇదే. రోగి కోసం ప్రార్థించండి, కన్నీటితో ప్రార్థించండి; కాని మందు మానమని, డయాలసిస్ మానమని, ఇన్సులిన్ మానమని ఏ వేదిక నుంచీ చెప్పకండి, చెప్పనివ్వకండి. బాగయ్యానని ఎవరైనా సాక్ష్యం ఇస్తే సంతోషించండి, ముందు వారి డాక్టరుకు చూపించుకొని రమ్మనండి. కుష్ఠు రోగి శుద్ధుడైన తరువాత యాజకునికి కనబరచుకొమ్మని ప్రభువు చెప్పలేదా? బాగుపడనివారికి కూడా సాక్ష్యం చెప్పే చోటు ఇవ్వండి. మా గుడులలో లేచి నిలబడేది స్వస్థత పొందినవారే. ఏడేళ్ళుగా మంచం మీద ఉండి కూడా దేవుణ్ణి విడువనివారి మాట వినాలని ఎవరికీ తోచడం లేదు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు నలభై దినాలలో ఉపవాసం ఉండలేకపోతున్నానని షుగరు రోగులు, డయాలసిస్ రోగులు కుమిలిపోతుంటారు. కొందరు ఎవరికీ చెప్పకుండా ఉపవాసం ఉండి పడిపోతారు. మీకు ఉపవాసం అక్కరలేదని పీఠం నుంచి ఒక్కమాట చెబితే ఎన్ని ఇళ్ళు తేలికపడతాయో. మా వార్డులో మిర్చి యార్డులో పనిచేసి మానుకొన్న ఒక సాయిబు గారు ఉన్నారు. రంజాను నెలలో నేను ఈ మాటే ఎత్తితే, "టీచరమ్మా, జబ్బు చేసినవాడికి దేవుడే రోజా మాఫీ చేశాడు, మనుషులే మాఫీ చేయరు" అన్నారు. ఆ మాట మా ఇద్దరికీ వర్తించింది.

ప్రభుత్వ ఆరోగ్య పథకం వల్ల డయాలసిస్‌కు మాబోటి వారు డబ్బు కట్టనక్కరలేదు. కాని వారానికి మూడుసార్లు రానూ పోనూ ఆటో ఖర్చు, వెంట వచ్చే మనిషికి పోయే కూలి, ఈ రెండే ఎన్నో కుటుంబాలను కుంగదీస్తున్నాయి. మా సంఘంలో యువకులు నలుగురు వంతులు వేసుకొని ఇద్దరు రోగులను బండి మీద తీసుకువెళ్ళి దింపుతున్నారు. వారు ప్రార్థన అంటూ ఏమీ చేయరు, బండి నడుపుతారు. ఆ బండి వెనక కూర్చున్నప్పుడు నాకు కలిగే ధైర్యం ఏ సభలోనూ కలగలేదు. విజయవాడ గుణదల కొండ మీద మేరీమాత ఉత్సవం ముగిసే ఫిబ్రవరి 11వ తేదీని క్యాథలిక్కులు 1993 నుంచి ప్రపంచ రోగుల దినంగా పాటిస్తున్నారు. మా ప్రొటెస్టెంటు సంఘాలు కూడా ఏడాదికి ఒక ఆదివారమైనా రోగులకు, వారిని కనిపెట్టుకొని ఉండేవారికి కేటాయించాలని కోరుతున్నాను.

చివరగా దాహం గురించి ఒక మాట రాసి ముగిస్తాను. నాకు రోజుకు అనుమతించిన నీరు ముప్పాతిక లీటరు. మజ్జిగ, చారు, కాఫీ, మాత్రలు మింగే నీళ్ళు అన్నీ అందులోనే. పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెట్టుకొని, చిన్న స్టీలు గ్లాసుతో తాగుతాను. గుంటూరు ఎండలు మీకు తెలియనివి కావు. మే నెలలో సాయంత్రం నాలుగు గంటలకు సీసా ఖాళీ అయిన రోజున, కుండ మీద నీటి చెమటను చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే ఆ చిన్న గిన్నెలోని ద్రాక్షారసాన్ని కూడా ఆ రోజు లెక్కలో వేసుకుంటాను. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలలో అయిదవది "నేను దప్పిగొనుచున్నాను". అరవై ఏళ్ళుగా ఆ మాట మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఆత్మల కోసమైన దాహమని, లేఖన నెరవేర్పు అని. అవన్నీ నిజమే. కాని ఆయన నాలుక కూడా ఎండిపోయిందనే సంగతి ఈ జబ్బు వచ్చిన తరువాతే నాకు తెలిసింది. నాకు దాహమైనప్పుడు ఆయన నీళ్ళు ఇవ్వలేదు. అయితే ఆయనకు ఆ దాహం తెలుసు. ఆ సాయంకాలాలు గడిపింది నేను దాన్ని పట్టుకొనే.

శుక్రవారం నా డయాలసిస్ రోజు. పైగా పదకొండు గంటల వంతు. అందువల్ల ఏడేళ్ళుగా శుభశుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు మూడు గంటల పాటు సాగే ఆరాధన జరిగే వేళకు నేను మిషన్ మీదనే ఉంటున్నాను. రాబోయే శుభశుక్రవారం నాడు అయిదవ మాట మీద నన్ను మాట్లాడమని ఇప్పటి అయ్యగారు అడిగారు. వార్డులోని టెక్నీషియన్ అబ్బాయి ఆ ఒక్క రోజుకు నన్ను తెల్లవారి ఆరు గంటల వంతులోకి మారుస్తానని ఒప్పుకున్నాడు. డయాలసిస్ అయ్యాక కాళ్ళు తేలిపోతుంటాయి కాబట్టి కుర్చీలో కూర్చునే మాట్లాడతాను. ఆ ఆటో అబ్బాయి భార్యకు కబురు పంపాను, పిల్లలను తీసుకొని రమ్మని. ఆమె ఆ సంఘాన్ని, మా సంఘాన్ని, అన్నిటినీ మానేసిందని విన్నాను. ఇంకా ఏ మాటా పంపలేదు. వస్తే, ఆ రోజు వరండాలో ఆమె నన్ను అడిగిన ప్రశ్నకు అందరి ముందు జవాబు చెప్పాలని ఉంది: మీ విశ్వాసం చాలకపోవడం కాదమ్మా, మేము మీకు అబద్ధం చెప్పాం, మమ్మల్ని క్షమించు అని.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
గుంటూరు